అన్నింటికీ ఒక నిమిషం

నోటీసు బోర్డు ముందు ఆరుగురు నిలబడి ఉన్నారు. ఇంకా ఎవరూ భయపడలేదు. కాగితం క్లాసు భాషలో, అంటే లెక్చరర్లు పాఠాలు చెప్పే భాషలో ఉంది. అక్షరాలు అందరికీ వచ్చు, మాటలు కూడా చాలావరకు వచ్చు. అయినా అందులో ఉన్నది మంచో చెడో దుబాసీ వచ్చి తమ భాషలో చెప్పేదాకా ఆ కబురు తమకింకా చేరనట్టే. మొదటి ఏడాది నుంచీ అదే అలవాటు.

దుబాసీ లైబ్రరీ మెట్లు దిగుతుంటే రేడియో చెయ్యెత్తి పిలిచాడు. నోరు మూతపడదని అతనికి ఆ పేరు పెట్టారు.

"వేంచెయ్యండి దుబాసీగారూ! పైనుంచి తాకీదు వచ్చింది. కాస్త విప్పి చెప్పండి, చచ్చి మీ కడుపున పుడతాం."

"పొద్దున్నే ఆ చావు మాటలేంట్రా," అంది పెద్దక్క. ఆమె హాస్పిటల్లో తెల్లవారుజాము డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. నీలం యూనిఫారం మడిచి సంచిలో పెట్టుకుంది గానీ చేతులకి ఫినాయిల్ వాసన పోలేదు. ముప్పై నాలుగేళ్ళు. క్లాసులో అందరికన్నా పెద్దది, ఒకరిద్దరు లెక్చరర్లకన్నా కూడా.

దుబాసీ నోటీసు ఒకసారి చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది.

"నాలుగు లైన్లకి అంతసేపేంటే?" అంది పెద్దక్క.

"మైక్రోబయాలజీ ప్రాక్టికల్లో ఆరుగురి జవాబులు ఒక్కలాగే ఉన్నాయంట. ఒకళ్ళది చూసి ఒకళ్ళు రాశారని అనుమానం. గురువారం పదింటికి హెడ్ మేడమ్ గదిలో విచారణ. అప్పటిదాకా ఆరుగురి ఫలితాలూ ఆపేశారు."

"ఏ ఆరుగురు?"

ఆమె నంబర్లు పైకి చదవలేదు. వాళ్ళే ఒకరి భుజం మీదుగా ఒకరు వంగి చూసుకున్నారు. అంకెలకు దుబాసీ అక్కర్లేదు.

"నీదుందా?" పెద్దక్క అడిగింది.

"లేదక్కా. నాది పక్క కాగితంలో ఉంది. పాసయ్యాను."

"హమ్మయ్య," అంది పెద్దక్క. మనస్ఫూర్తిగానే అంది. "నువ్వన్నా ఒడ్డున పడ్డావు."

దుబాసీ ఆమె వైపు చూడకుండా రేడియోని అడిగింది. "స్లైడులో మీకేం రంగు కనబడింది?"

"గులాబీ."

పక్కనున్న మౌని కూడా తలూపాడు. ఏ భాషలోనూ ఎక్కువ మాట్లాడని మనిషి.

"అక్కా, నీకు?"

"గులాబీయే. ఎర్రచీమలు పాకినట్టు కళ్ళారా చూశాను. ఎవరిదో చూసి రాయడానికి నాకేం ఖర్మ?"

"అందరికీ ఒకే సీసా ఇచ్చారా?"

"లేదు, తలా ఒక నంబరు సీసా," అన్నాడు రేడియో. అని, తన మాట తనకే కొత్తగా వినబడినట్టు ఆగాడు. "అవును కదా. తలా ఒక సీసా అయితే అందరికీ గులాబీ ఎందుకొచ్చింది?"

దుబాసీ నోట్‌బుక్ ఎవరి దగ్గరుందని అడిగింది. మౌని సంచిలోంచి తీసి ఇచ్చాడు.

పొడుగాటి పుస్తకం, మూలలు మెత్తబడిపోయాయి. వెనక బెంచీలో దుబాసీ మధ్యలో కూర్చుంటుంది. లెక్చరర్ క్లాసు భాషలో చెప్పుకుపోతుంటే ఆమె తమ భాషలో చిన్న గొంతుతో చెబుతూ, చెబుతూనే రాస్తుంది. సాయంత్రం ఆ పుస్తకం ఒకరి దగ్గర, మర్నాడు ఇంకొకరి దగ్గర. పరీక్షకి ముందు ఎవరి తంటాలు వాళ్ళు పడి దాన్ని మళ్ళీ క్లాసు భాషలోకి తిప్పుకుంటారు. రేడియో ఎప్పుడూ అంటుంటాడు, బజారు భాషలో బేరమాడతాం, క్లాసు భాషలో భయపడతాం, మన భాషలో తిట్టుకుంటాం అని.

ఆమె వేప చెట్టు నీడలో సిమెంటు దిమ్మ మీద కూర్చుని పేజీలు తిప్పింది. కావలసిన పేజీ దొరికింది. తన చేతిరాతే, గుండ్రంగా, తొందరేమీ లేనట్టు ఉంది.

ఊదా రంగు, ఒక నిమిషం, కడగాలి. అయోడిన్, ఒక నిమిషం, కడగాలి. ఆల్కహాల్, ఒక నిమిషం, కడగాలి. ఎర్ర రంగు, ఒక నిమిషం, కడిగి ఆరబెట్టాలి.

కొన్ని సూక్ష్మజీవులు ఊదా రంగును గట్టిగా పట్టుకుంటాయి, ఆల్కహాల్ పోసినా వదలవు. కొన్ని వదిలేసి తర్వాత పోసిన ఎర్ర రంగుతో గులాబీగా మారతాయి. ఏది ఏ రకమో అలా తేలుతుంది. కానీ ఆల్కహాల్‌ని నిమిషంపాటు ఉంచితే ఏ రకమైనా వదిలేస్తుంది. ఏ సీసా ఇచ్చినా గులాబీయే.

ఆ రోజు క్లాసులో ఏం జరిగిందో ఆమెకు బాగా గుర్తుంది. అయోడిన్ ఎందుకు పోస్తారని పెద్దక్క మోచేత్తో పొడిచి అడిగింది. రంగు లోపల గట్టిపడటానికక్కా, మేకుకి మొన వంచినట్టు, అని ఆమె చెబుతోంది. ఆ ఒక్క వాక్యం చెప్పేసరికి లెక్చరర్ ఆల్కహాల్ దాటి ఎర్ర రంగు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఒక మాట మోసుకెళుతుంటే ఇంకో మాట జారిపోయింది. ఆల్కహాల్ పక్కన ఖాళీ ఉండిపోయింది. పైనా కిందా ఒక నిమిషమే కదా అని అక్కడా ఒక నిమిషం రాసింది.

పుస్తకం మూసి దానిమీద రెండు అరచేతులూ పెట్టుకుంది. అంతవరకైతే అది పొరపాటే. దాని తర్వాతది కూడా ఉంది.

*

టెక్నీషియన్ కింది అంతస్తు ల్యాబులో గాజు సీసాలు కడుగుతున్నాడు. బ్రష్షుని సీసా మెడలోంచి లోపలికి దూర్చి, మణికట్టు తిప్పి, బయటికి లాగి, వెలుతురులో పెట్టి చూస్తాడు. ఏదైనా మరక కనబడితే మళ్ళీ మొదలు. తల నెరిసిన మనిషి. ఆయనకి క్లాసు భాష రాదు, వీళ్ళ భాషా రాదు. ఆయనతో ఊళ్ళో అందరూ వాడే బజారు భాషలోనే మాట్లాడాలి.

"ఆ ఆరుగురి స్లైడులు ఉన్నాయా బాబాయ్?" ఆమె ఆ భాషలో అడిగింది.

"పరీక్ష అయిన రోజే మందునీళ్ళ తొట్టిలో వేసేశాను తల్లీ. ఇప్పుడవి ఖాళీ గాజుముక్కలు. ఎందుకూ?"

ఆమె చెప్పింది. ఆయన బ్రష్షు ఆపలేదు గానీ తిప్పడం నెమ్మదయింది.

"పరీక్షకి ముందు ఒకరోజు మీరు నాకు రంగు వెయ్యడం చూపించారు గుర్తుందా? మా గుంపు స్లైడు పాడైందని నేను ఉండిపోయి అడిగాను."

"గుర్తుంది." ఆయన ఎడమచేతిని ఏటవాలుగా పట్టుకున్నాడు, అందులో స్లైడు ఉన్నట్టు. కుడిచేత్తో గాలిలోనే చుక్కలు వేశాడు. "గడియారం చూడకు, కారే నీళ్ళు చూడు అన్నాను. ఊదా రంగు కారడం ఆగిందా, టక్కున కడిగెయ్. పది లెక్కపెడితే అయిపోతుంది."

"గురువారం విచారణలో ఆ మాట చెబుతారా? నాకు నేర్పింది మీరేనని?"

ఆయన సీసాని బోర్లించి ఆరబెట్టే చెక్కకి గుచ్చాడు. ఇంకొకటి తీసుకున్నాడు.

"నేను నేర్పకూడదమ్మా. నేను సీసాలు కడిగేవాణ్ణి. నేర్పేవాళ్ళకి వేరే కుర్చీలున్నాయి. ఇంకా రెండేళ్ళ సర్వీసుంది నాకు." దాని మెడలోకి బ్రష్షు దూర్చుతూ అన్నాడు, "చూద్దాంలే. పిలిస్తే కదా."

ఆమె బయటికి వచ్చింది. మెట్లెక్కుతుంటే పరీక్షకి మూడు వారాల ముందటి ఆ సాయంత్రం ఆమె చేతులకి గుర్తొచ్చింది. ఆ రోజు ఆయన చూపించినట్టు చేస్తే మైక్రోస్కోప్‌లో ఊదా రంగు గుత్తులు గుత్తులుగా కనిపించాయి. ఎంత బాగున్నాయో. హాస్టలు గదికొచ్చి నోట్‌బుక్ తీసింది. పెన్ను మూత కూడా తీసింది. ఆ పేజీ ముందే ఉంది. రేపు రాద్దాంలే అనుకుంది. అలా అనుకున్నానని ఇన్నాళ్ళూ తనకు తాను చెప్పుకుంది. కానీ ఆ రోజు పెన్ను మూత మళ్ళీ పెట్టేటప్పుడు ఒక చిన్న సంతోషం కలిగింది. రెండేళ్ళుగా విన్నదంతా విన్నట్టే పంచిపెట్టింది. ఇది ఒక్కటి తనది. ఎవరూ చెప్పమని అడగనిది, తన కళ్ళతో నేర్చుకున్నది. ఒక్కరోజు తన దగ్గరే ఉంచుకుంటే ఏమవుతుంది అనిపించింది. మర్నాడు పుస్తకం మౌని దగ్గరికి వెళ్ళిపోయింది.

*

బుధవారం మధ్యాహ్నం ఆఫీసు గుమాస్తా ఆమెను పిలిచాడు. రేపు విచారణలో ఒకావిడకి క్లాసు భాష సరిగా రాదట, మీరు భాష మార్చి చెప్పాలి, హెడ్ మేడమ్ మీ పేరే చెప్పారు, అన్నాడు. ఒకావిడ అంటే పెద్దక్కే. మిగతా అయిదుగురికీ అది మొదటి తప్పు కిందికి వస్తుంది. పెద్దక్క ఈ పేపరు ఒకసారి తప్పింది. రెండోసారి కూడా పోతే కోర్సులోంచి పేరు తీసేస్తారు.

ఆమె బస్సెక్కి హాస్పిటల్‌కి వెళ్ళింది. బస్సులో కండక్టరుతో బజారు భాష, పక్కసీటులో నర్సింగ్ పిల్లలతో క్లాసు భాష. దిగేసరికి నాలుక అలసిపోయింది.

మూడో అంతస్తు కారిడార్లో పెద్దక్క నేల తుడుస్తోంది. పొడుగు కర్ర పట్టుకుని, ఒక గోడ నుంచి ఇంకో గోడ దాకా ఒకే గీతలా లాగి, వెనక్కి అడుగేసి, మళ్ళీ లాగుతోంది. తను తుడిచిన తడి మీద తన అడుగు పడకుండా.

"అక్కడే ఆగు, జారతావు!" అని అరిచి, వచ్చిందెవరో చూసి నవ్వింది. "నువ్వా! ఇక్కడిదాకా వచ్చావేంటే పిల్లా?"

"రేపు నీకు నేనే దుబాసీనంట అక్కా."

"ఇంక నాకేం భయం? మొగుడు కొట్టినా కొట్టకపోయినా సాక్షి మనవాడేగా." పెద్దక్క కర్ర గోడకి ఆనించి, చేతులు యూనిఫారానికి తుడుచుకుని, ఆమె మోచెయ్యి పట్టుకుని నాలుగడుగులు నడిపించింది. ల్యాబు గాజు తలుపు ముందు ఆపింది. లోపల తెల్లకోట్లు వేసుకున్న ముగ్గురు బల్లల దగ్గర కూర్చున్నారు. కిటికీ పక్కన ఒక మైక్రోస్కోప్‌కి ప్లాస్టిక్ తొడుగు వేసి ఉంది. దాని ముందు ఎత్తు స్టూలు ఖాళీగా ఉంది.

"అదిగో, ఆ స్టూలు. లోపలున్న పెద్దాయన నెలాఖరుదాకా ఎవర్నీ పెట్టనన్నాడు. సర్టిఫికెట్టు తెచ్చి నా మొహాన కొట్టు తల్లీ, కూర్చో, అన్నాడు. పదకొండేళ్ళుగా దాని కాళ్ళ కిందే తుడుస్తున్నా. మా అమ్మాయి రోజూ అడుగుతుంది, ఎక్కావా అమ్మా స్టూలూ అని, అదేదో కొండ ఎక్కినట్టు."

"అక్కా, నీతో ఒక మాట చెప్పాలి."

"నాకు తెలుసు ఏం చెబుతావో." పెద్దక్క గొంతు తగ్గించింది. "నోట్‌బుక్‌లో తప్పు పడిందనేగా? రాత్రి రేడియో, నేను కూర్చుని చూశాం. ఆల్కహాల్ దగ్గర. క్లాసు పుస్తకంలో చూస్తే వేరేగా ఉంది. మేం ముందే ఆ పుస్తకం చూసుకోవాల్సింది, అది మా బద్ధకం. అంత రాస్తే ఒక తప్పు పడదా? పదిమందికి వండిపెట్టేవాడి చెయ్యే కాలుతుంది."

"అది కాదక్కా..."

"విను. ఆ నోట్‌బుక్ సంగతి రేపు ఎవ్వరూ ఎత్తం. అయిదుగురికీ చెప్పేశా. ఎత్తితే నిన్ను కూడా లాగుతారు. ఏడుగురం మునగడం ఎందుకు? నాకు తప్పు గుర్తుండిపోయిందని చెబుతా. తప్పయిందని ఒప్పుకుంటే ఇంకోసారి రాయనిస్తారు. ఆడవాళ్ళే కదా హెడ్డు, జాలి ఉండదా?"

కారిడారు చివర ఎవరో బజారు భాషలో ఆమెను పిలిచారు. పెద్దక్క అదే భాషలో వస్తున్నా అని కేకేసి, బకెట్టు ఎత్తుకుంది. "రేపు జడ గట్టిగా వేసుకుని రా. గుమ్మం దగ్గర పిచ్చిదానిలా కనబడకు," అని వెనక్కి తిరిగి నవ్వింది.

దుబాసీ గాజు తలుపు ముందు కాసేపు నిలబడింది. నేల ఆరిపోయింది. ఆ మాట చెప్పడానికే ఇంతదూరం వచ్చింది. చెప్పకుండా ఉండటానికి ఒక దారి దొరికిందని లోపలెక్కడో కొంచెం తేలికైంది కూడా. ఆ తేలిక ఆమెకు బస్సులో తెలిసింది. కిటికీకి తల ఆనించుకుని కళ్ళు మూసుకుంది.

*

హెడ్ మేడమ్ గదిలో పొడుగు బల్లకి అవతల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో మేడమ్, కుడివైపు ఆ పాఠం చెప్పిన లెక్చరర్, ఎడమవైపు అన్నీ రాసుకునే గుమాస్తా. అయిదుగురి పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఒక్కొక్కరూ లోపలికెళ్ళి, క్లాసు భాషలో తమకొచ్చిన నాలుగు ముక్కల్లో, చూసి రాయలేదని చెప్పి, సంతకం పెట్టి వచ్చారు. ఎలా ఉందిరా అంటే రేడియో చెమట తుడుచుకుని, "నా నోట్లో కూడా నాలుక లేకుండా పోయింది, చూసుకో," అన్నాడు.

పెద్దక్కను చివర పిలిచారు. దుబాసీకి ఆమె పక్కనే కుర్చీ వేశారు.

"ఆవిడ ఏం చెబితే అదే చెప్పండి," అన్నారు మేడమ్, క్లాసు భాషలో. గొంతు మెత్తగానే ఉంది. "మీ మాటలు కలపకండి, తగ్గించకండి."

పెద్దక్క చెప్పింది. "నేను చూసిందే రాశానమ్మా. గులాబీ కనబడింది, గులాబీ అని రాశాను. ఊదా కనబడితే ఊదా అని రాసేదాన్ని. పక్కవాళ్ళ కాగితంలోకి తొంగి చూడ్డానికి నేను చిన్నపిల్లను కాను."

దుబాసీ ఆ మాటలే క్లాసు భాషలో చెప్పింది. లెక్చరర్ ముందుకి వంగాడు.

"మీ సీసాలో ఉన్నది ఊదా రంగు పట్టే రకం. గులాబీ ఎలా కనబడింది? ఆల్కహాల్ ఎంతసేపు ఉంచారు?"

"ఒక నిమిషం."

"నేను పది పదిహేను సెకన్లని చెప్పాను. నిమిషమని ఎవరు చెప్పారు?"

ప్రశ్న తమ భాషలోకి వచ్చాక పెద్దక్క ఒక్కక్షణం బల్ల అంచు చూసింది. "ఎవరూ చెప్పలేదు. నాకే తప్పు గుర్తుండిపోయింది. అలాగే చెప్పు," అంది.

దుబాసీ చెప్పింది.

"ఆరుగురికీ అదే తప్పు గుర్తుండిపోయిందా?" లెక్చరర్ నవ్వలేదు. "ఆరు కాగితాల్లోనూ వాక్యాల వరస కూడా ఒకటే. ఇది ఒకరిది చూసి ఒకరు రాసినది కాకపోతే మరేంటి?"

ఈసారి దుబాసీ ఆ ప్రశ్నను పెద్దక్కకు అందించలేదు. క్లాసు భాషలోనే తను మాట్లాడింది.

"నాదే తప్పు సార్. వాళ్ళంతా నా నోట్‌బుక్ చదివారు. మీరు చెబుతుండగా నేను అంతకుముందు మాట వివరిస్తూ ఉండిపోయి ఆ ముక్క వినలేదు. ఖాళీ వదలకుండా నిమిషం అని రాశాను. అందుకే ఆరూ ఒక్కలా ఉన్నాయి." సంచిలోంచి నోట్‌బుక్ తీసి ఆ పేజీ తెరిచి బల్ల మీద పెట్టింది.

ముగ్గురూ చూశారు. గుమాస్తా పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పాడు, ఏది పైవైపో తెలియక.

"ఇది ఎవరు చదువుతారు?" అన్నారు మేడమ్.

"నేను చదువుతాను మేడమ్."

"మీరే రాసి, మీరే చదివి, మీరే సాక్ష్యమా?" మేడమ్ పేజీ మీద వేలు పెట్టి, ఏమీ అందక తీసేశారు. "సరే, అలాగే అనుకుందాం. ఈ పుస్తకం తప్పయితే, రాసిన మీ స్లైడు ఎలా సరిగ్గా వచ్చింది? మీకు పూర్తి మార్కులు పడ్డాయి."

ఆమె ఈ ప్రశ్న వస్తుందని అనుకోలేదు. అనుకోకపోవడం ఎలా కుదిరిందో తర్వాత ఎప్పటికీ అర్థం కాలేదు.

"తర్వాత టెక్నీషియన్ నాకు చూపించారు. పరీక్షకి మూడు వారాల ముందు."

టెక్నీషియన్‌ని పిలిపించారు. ఆయన వచ్చేలోపు పెద్దక్క రెండుసార్లు ఆమె మోచెయ్యి తాకింది, ఏంటి, ఏంటే అని. దుబాసీ చెప్పలేదు. ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. చేతులింకా తడిగా ఉన్నాయి. మేడమ్ బజారు భాషలో అడిగారు, ఈ అమ్మాయికి మీరు రంగు పరీక్ష నేర్పించారా అని. ఆయన దుబాసీ వైపు చూడలేదు. కిటికీ వైపు చూసి అన్నాడు.

"నేనెవరికీ ఏమీ నేర్పనమ్మా. నేను సీసాలు కడుగుతాను."

"మంచిది, వెళ్ళండి."

మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "చూడండమ్మా. స్నేహితుల్ని కాపాడుకోవాలనుకోవడం నాకు అర్థమవుతుంది. మీది మంచి మనసు, మాట కూడా చక్కగా ఉంది. మీలాంటివాళ్ళు ఇలాంటి వాటిలో ఇరుక్కోకూడదు. మీరన్నది రాయవద్దని చెబుతున్నాను." గుమాస్తా పెన్ను పైకెత్తి పట్టుకున్నాడు.

"ఏమే," అంది పెద్దక్క. "ఇంతసేపు ఏం మాట్లాడావు? ఆ పుస్తకం ఎందుకు తీశావు? వద్దన్నానా? నాకూ చెప్పు."

"ఆవిడ ఏమంటున్నారు?" మేడమ్ అడిగారు.

"నేను చెప్పినదంతా తనకీ చెప్పమంటోంది."

"చెప్పండి. వినే హక్కు ఆవిడకుంది."

ఆమె పెద్దక్క వైపు తిరిగింది. నోట్‌బుక్ చూపించానని చెప్పింది. నమ్మలేదని చెప్పింది. నా స్లైడు ఎలా సరిగ్గా వచ్చిందని అడిగారని చెప్పింది. అక్కడిదాకా మాటలు వాటంతటవే వచ్చాయి.

"నువ్వేమన్నావు?"

"టెక్నీషియన్ బాబాయ్ నాకు చూపించాడని చెప్పాను. ఆల్కహాల్ పది లెక్కపెట్టి కడిగెయ్యమని."

"ఎప్పుడు?"

మరిచిపోయాను అనే మాట సిద్ధంగా ఉంది. క్లాసు భాషలో అయితే అది ఎంత తేలికగా వచ్చేదో. ఆఫీసులో, లైబ్రరీలో, ఎన్నిసార్లు అందో లెక్కలేదు. తమ భాషలో, ఈ మొహం చూస్తూ, ఆ మాట నోట్లో తిరగలేదు.

"పరీక్షకి మూడు వారాల ముందు."

పెద్దక్క కళ్ళార్పకుండా చూసింది. "అయితే నీకు తెలుసు."

"తెలుసు."

"పుస్తకం ఆ తర్వాత నీ చేతికి రాలేదా?"

"వచ్చింది. ఆ రోజే నా దగ్గరుంది. పేజీ తెరిచాను కూడా." ఆమె బల్ల మీద తెరిచి ఉన్న పేజీ వైపు చూసింది. "రాయలేదక్కా."

"ఎందుకని?"

ఆమె దగ్గర ఉన్న ఒక్క జవాబూ ఇక్కడ చెప్పదగ్గది కాదు. పెద్దక్క కొంతసేపు ఎదురుచూసింది. బజార్లో బేరం కుదరనప్పుడు ఆగినంతసేపు. తర్వాత ఆమె భుజాలు కిందికి దిగాయి. ఒడిలో సంచి హ్యాండిల్ రెండుసార్లు సర్దుకుంది.

"నిన్న వచ్చింది ఇది చెప్పడానికా?"

"దానికే."

"ఏమంటున్నారావిడ?" అన్నారు మేడమ్.

దుబాసీ నోరు తెరిచేలోపలే పెద్దక్క ముందుకు జరిగింది. క్లాసు భాషలో, ఒక్కొక్క మాట విడిగా తీసి బల్ల మీద పెడుతున్నట్టు, "ఏమీ లేదు. మేడమ్. సంతకం ఎక్కడ?" అంది.

గుమాస్తా చూపించిన చోట ఆమె సంతకం పెట్టింది. కాగితంలో ఏం రాశారో చదివి చెప్పమని అడగలేదు.

*

శనివారం నిర్ణయం బోర్డు మీద పెట్టారు. అయిదుగురు ఆరు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష రాయాలి. ఆరో నంబరు పక్కన కోర్సు నుంచి తొలగించడమైనది అని ఉంది. రేడియో వాళ్ళు ఆమె కోసం ఎదురుచూశారు. ఆమె వచ్చి అంతా చదివి చెప్పింది.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది," అన్నాడు రేడియో, ఎప్పుడూలా మొదలుపెట్టి మధ్యలో చప్పబడిపోయాడు. "అక్క ఫోన్ ఎత్తట్లేదు. నీతో ఏమన్నా అందా?"

"లేదు."

"లోపల అసలేం జరిగిందో నువ్వూ చెప్పవు, ఆమే చెప్పదు. విచారణ రోజు అడిగితే, ఆ పిల్ల చేతనైంది చేసిందిరా, వదిలెయ్, అని వెళ్ళిపోయింది." అతను నిట్టూర్చి చెయ్యి చాపాడు. "సరే, నోట్‌బుక్ ఇలా ఇవ్వు. సోమవారం పాఠం రాసుకోవాలి."

ఆమె ఇచ్చింది. మౌని జరిగి ఆమెకు దిమ్మ మీద చోటిచ్చాడు. వాళ్ళింకా ఆమెను నమ్ముతున్నారు. జరిగినదంతా విప్పి వాళ్ళ చేతుల్లో పెట్టాలని రెండుసార్లు అనుకుంది. రెండుసార్లూ రేడియో ఇంకేదో మాట్లాడటం మొదలుపెట్టాడు, ఆమె వింటూ ఉండిపోయింది.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి బస్టాపులో పెద్దక్క కనబడింది. నీలం యూనిఫారం ఈసారి సంచిలో లేదు, ఒంటిమీదే ఉంది. ఇంక క్లాసుకి రావలసిన పని లేదు కాబట్టి పగటి డ్యూటీ కూడా తీసుకున్నట్టుంది. ఒక చేతిలో టిఫిన్ డబ్బా. రోడ్డు మలుపు వైపు చూస్తోంది.

దుబాసీ దగ్గరికి వెళ్ళింది. ఏం చెప్పాలో శుక్రవారం, శనివారం, ఆదివారం మూడురోజులూ కూర్చుకుంది. తమ భాషలోనే, ఒక్క అరువు మాట లేకుండా. ఆ చిన్న సంతోషం సంగతి కూడా చెప్పెయ్యాలనుకుంది. తిట్టినా, కొట్టినా.

"అక్కా," అంది.

పెద్దక్క తిరిగి చూసింది. మొహంలో కోపం లేదు. బస్టాపులో ఎవరైనా పలకరిస్తే చూసే చూపే. బజారు భాషలో, కండక్టర్లతో, కూరలవాళ్ళతో, దారి అడిగేవాళ్ళతో మాట్లాడే మర్యాదతో అడిగింది.

"ఏడో నంబరు బస్సు వెళ్ళిపోయిందాండీ?"

ఆమె కూర్చుకున్న మాటలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"ఇప్పుడే వెళ్ళింది," అంది, తనకు తెలియకుండానే అదే భాషలో. "పావుగంటకి ఇంకోటి ఉంది."

"మంచిది," అంది పెద్దక్క. మళ్ళీ మలుపు వైపు తిరిగింది.

ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. రెండేళ్ళలో పెద్దక్కతో ఆ భాషలో మాట్లాడటం అదే మొదటిసారి. ఒక్క తప్పు కూడా దొర్లలేదు.